వీధి గాలిని కొలిచే చిన్న గొట్టాలు: ఇళ్ల దగ్గర భేష్, ఫ్యాక్టరీ గోడ దగ్గర చాలవు

పంపు లేదు, కరెంటు అక్కర్లేదు, చప్పుడు చేయదు. వేలెడంత ప్లాస్టిక్ గొట్టం. స్తంభానికి కట్టి కింది మూత తీసేసి వచ్చేయడమే. నాలుగు వారాల తర్వాత మూత పెట్టి ల్యాబ్‌కు పంపితే, అన్నాళ్లూ అక్కడి గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్ (బళ్ల పొగ వల్ల పెరిగే హానికర వాయువు) సగటున ఎంత ఉందో లెక్క కట్టి పంపిస్తారు. డిఫ్యూజన్ ట్యూబ్ అంటే ఇంతే. మా కాలనీ కోసం ఈ ట్యూబుల కిట్టునూ, వాటిని పరీక్షించి రిపోర్టు ఇచ్చే ల్యాబ్ సర్వీసునూ కొన్ని నెలలుగా వాడుతున్నాను. వాటితో పాటు అద్దెకు తెచ్చిన ఒక ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ పెట్టె (వాయువు తగిలినప్పుడు పుట్టే కరెంటును కొలిచేది) గురించి కూడా రాస్తాను. ట్యూబు చేతకాని పని ఎక్కడ మొదలవుతుందో ఆ పెట్టె వల్లే అందరికీ కళ్లకు కట్టింది.

నేను కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్ ల్యాబ్ చూసుకుంటాను. అసోసియేషన్ వాళ్లు ఈ పని నాకు అప్పజెప్పింది అందుకే. వాళ్లకు కావలసినవి రెండు జవాబులు. పసిపిల్లల క్రెష్ జంక్షన్ వైపున్న బిల్డింగులో పెట్టాలా, వెనక వీధిలో పెట్టాలా అన్నది మొదటిది. ఇండస్ట్రియల్ ఏరియా ప్రహరీని ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్న ఘాటు వాసన సంగతి రెండోది. మొదటి ప్రశ్న "ఎక్కడ ఎక్కువ?" అని. రెండో ప్రశ్న "ఎప్పుడు ఎక్కువ?" అని. ఒకే పరికరం రెండింటికీ పనికొస్తుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

ట్యూబు ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాని బలం, బలహీనత రెండూ తెలిసిపోతాయి. 1976లో ఎడ్వర్డ్ పామ్స్, ఆయన సహచరులు దీన్ని పనిచేసే చోట మనుషులు ఒంటికి తగిలించుకునే పరికరంగా తయారుచేశారు. ఇప్పటికీ దీన్ని పామ్స్ ట్యూబ్ అంటారు. గొట్టం పొడవు సుమారు 7.1 సెంటీమీటర్లు, లోపలి వ్యాసం సుమారు 11 మిల్లీమీటర్లు. పై మూతలో ట్రైఎథనోలమైన్ అనే, ఈ వాయువును పట్టుకునే రసాయనం పూసిన సన్నని స్టీలు జాలీలు ఉంటాయి. కింది కొస తెరిచి ఉంటుంది. జాలీ దగ్గరికి చేరిన నైట్రోజన్ డయాక్సైడ్ అక్కడే చిక్కుకుపోతుంది కాబట్టి గొట్టం పై కొసలో ఆ వాయువు దాదాపు సున్నా, కింది కొసలో బయటి గాలిలో ఉన్నంత. ఈ తేడాయే వాయువును పైకి నడిపిస్తుంది. ఎంత వేగంగా నడుస్తుందనేది గొట్టం పొడవు, వెడల్పుల మీదా, గాలిలో ఆ వాయువు వ్యాపించే గుణం మీదా ఆధారపడుతుంది. చెడిపోవడానికి అందులో కదిలే భాగమే లేదు.

అలా ట్యూబు పట్టేది నిమిషానికి సుమారు 1.2 ఘన సెంటీమీటర్ల గాలిలో ఉన్నంత వాయువును. నాలుగు వారాలకు అది 50 లీటర్ల గాలికి సమానం. మనిషి ఊరికే కూర్చుని ఏడెనిమిది నిమిషాల్లో పీల్చే గాలి అంత. క్యూబిక్ మీటరుకు 40 మైక్రోగ్రాములున్న వీధిలో వేలాడదీస్తే జాలీ మీద చేరేది 2 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన వార్షిక పరిమితి 10 మైక్రోగ్రాములు. అంత శుభ్రమైన వీధిలో చేరేది అర మైక్రోగ్రాము మాత్రమే. ఈ లెక్క మనసులో పెట్టుకుంటే, మూత సరిగ్గా బిగించకపోవడం, ట్యూబులను పొగ తగిలే చోట దాచడం లాంటి చిన్న విషయాలు ఎంత పెద్దవో తెలుస్తుంది.

ల్యాబ్‌లో చేసేది నాకు చేతిలో పని. జాలీ మీద చిక్కినది నైట్రైట్ రూపంలో ఉంటుంది. దాన్ని నీళ్లలోకి దింపి, సల్ఫనిలమైడ్, ఇంకో అమైన్ కలిపితే గులాబీ రంగు వస్తుంది. 540 నానోమీటర్ల కాంతి దగ్గర ఆ రంగు గాఢత చూస్తారు. తాగునీటిలో నైట్రైట్ చూడటానికి మా పిల్లలు చేసే ప్రాక్టికల్ కూడా ఇదే. అందుకే ఈ పద్ధతి మీద నాకు గురి. ఎక్కడా దాపరికం లేదు, ప్రతి మెట్టునూ ఎవరైనా అడిగి సరిచూసుకోవచ్చు.

ఇక కిట్టు. ప్యాకింగ్ బాగుంది. ట్యూబులు జిప్ కవర్లలో వచ్చాయి, ప్రతి దాని మీదా బార్‌కోడ్, ఆఖరు తేదీ ఉన్నాయి. గోడకు అంటుకోకుండా కొంచెం ఎడంగా నిలబెట్టే క్లిప్పులు ఇచ్చారు. ఇది చాలా అవసరం, ఎందుకంటే గోడకు ఆనించి పెడితే అక్కడ గాలి ఆడదు. ఒక్కో చోటికి మూడేసి ట్యూబులు ఇవ్వడం నాకు బాగా నచ్చింది. మూడు అంకెలూ దగ్గర దగ్గరగా వస్తే ధైర్యం, ఒకటి తేడాగా ఉంటే దాన్ని అనుమానించే వీలు. ఖర్చు తగ్గుతుందని ఒక్కొక్కటే పెట్టే ప్యాకేజీ కూడా ఉంది, తీసుకోకండి. ఒక్క ట్యూబులో సాలీడు గూడు కట్టిందంటే ఆ నెల మొత్తం పోయినట్టే.

కిట్టులో ఒక ట్యూబు మూత తీయకుండా ఉంచడానికి ఇస్తారు. దాన్ని బ్లాంక్ అంటారు. మిగతా ట్యూబులతో పాటే ప్రయాణం చేసి, అవి స్తంభాల మీద ఉన్నంత కాలం ఫ్రిజ్‌లో మూతతో కూర్చుంటుంది. అందులో ఏమైనా కనిపిస్తే అది వీధిది కాదు, దారిలోనో ల్యాబ్‌లోనో అంటుకున్నది. అర మైక్రోగ్రాము కోసం వెతుకుతున్నప్పుడు బ్లాంక్ లేని రిపోర్టుకు విలువ లేదు. "వాడని ట్యూబుకు కూడా డబ్బులా?" అని అసోసియేషన్ మీటింగులో అడిగారు. అన్నిటికంటే ముందు డబ్బు కట్టాల్సింది దానికే అని చెప్పాను, ఇప్పటికీ అదే చెప్తాను.

కిట్టుతో వచ్చిన సూచనల కాగితం మాత్రం పలచగా ఉంది. ఎత్తు ఎంత ఉండాలో రాశారు కానీ ఎక్కడ పెట్టకూడదో రాయలేదు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ గాలి కొట్టే చోట, వంటింటి ఎగ్జాస్ట్ పక్కన, జనరేటర్ గొట్టం దగ్గర, దట్టమైన చెట్టు కొమ్మల మధ్య పెట్టకూడదు. మనిషి తలకు పైన, చెయ్యి అందని ఎత్తులో, చుట్టూ గాలి ఆడే స్తంభం మంచిది. తెరిచిన కొస నేల వైపే చూడాలి, లేకపోతే వాన నీళ్లు చేరతాయి. మూత తీసిన సమయం, పెట్టిన సమయం గంటా నిమిషాలతో రాసుకోవాలి, లెక్కలో అది నేరుగా పడుతుంది. కాగితంలో లేని ఇంకో ముఖ్యమైన మాట: ఏ మూత తీయాలో. మా కిట్టులో తెల్ల మూత తీయాలి, రంగు మూతలో జాలీలు ఉంటాయి. నిచ్చెన మీద నిలబడి, చేతిలో టార్చితో పనిచేసే కుర్రాడికి ఆ ఒక్క వాక్యం పెద్దక్షరాల్లో ఉండాలి.

ఫలితాలు వచ్చినప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు స్పష్టంగా దొరికింది. జంక్షన్ దగ్గరి స్తంభాల మీది అంకె వెనక వీధి అంకెకు రెట్టింపు దాటింది. సిగ్నల్ దగ్గర బళ్లు ఆగి మళ్లీ కదిలే వైపున ఇంకా ఎక్కువ. మెయిన్ రోడ్డు నుంచి ఒక్క బిల్డింగు వెనక్కి వెళ్లేసరికి తగ్గుదల కనిపించింది. నెల మారినా, గాలి దిశ మారినా ఈ వరస మారలేదు. క్రెష్ వెనక వీధికి వెళ్లింది. పెద్దపెద్ద చర్చలు అక్కర్లేకపోయింది, కాగితం చూసి అందరూ ఒప్పుకున్నారు. ఇళ్ల మధ్య ఒక వీధినీ ఇంకో వీధినీ పోల్చాలంటే నాకు తెలిసినంతలో దీనికి మించిన పనిముట్టు లేదు. ఉపగ్రహం ఈ పని చేయలేదు. నైట్రోజన్ డయాక్సైడ్‌ను చూసే సెంటినెల్-5పీ ఉపగ్రహం 2017లో ఎగిరింది, గొప్ప పరికరం, కానీ దాని చూపులో ఒక్కో గడి కొన్ని కిలోమీటర్ల పొడవుంటుంది. మా కాలనీ, జంక్షన్, ఫ్యాక్టరీలు అన్నీ కలిపి ఒకే గడిలో పడిపోతాయి. పైగా అది చూసేది నేల దగ్గర మనం పీల్చే గాలిని విడిగా కాదు, కింది నుంచి పైదాకా ఉన్న గాలి స్తంభాన్ని.

అయితే ట్యూబు అంకెను దేవుడి మాటలా తీసుకోకూడదు. గాలి బాగా వీచే చోట తెరిచిన కొస దగ్గర సుడులు పుట్టి, వాయువు నడవాల్సిన దూరం తగ్గిపోతుంది, దాంతో ట్యూబు ఎక్కువ చూపిస్తుంది. రోడ్డు పక్కన ఇంకో సంగతి కూడా ఉంది. బళ్ల పొగలో వచ్చే నైట్రిక్ ఆక్సైడ్, గాలిలోని ఓజోన్ కలిసి గొట్టం లోపలే నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారతాయి. బయట ఎండ దాన్ని మళ్లీ విడగొడుతూ ఉంటుంది కానీ గొట్టం ప్లాస్టిక్ ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. అందువల్ల కూడా ఎక్కువే చూపిస్తుంది. దీనికి మందు ఒకటే: కొన్ని ట్యూబులను రిఫరెన్స్ మిషన్ పక్కనే వేలాడదీసి, రెండింటి తేడా నుంచి ఒక సవరణ గుణకం తీయాలి. ఆ మిషన్ కెమిల్యూమినిసెన్స్ పద్ధతిలో, అంటే నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌తో కలిసినప్పుడు వచ్చే వెలుగును లెక్కించి, నిమిషం నిమిషం చెప్తుంది. ట్యూబు చెప్పే నెల సగటును దాంతో సరిచూస్తారు.

ఈ విషయంలోనే ల్యాబ్ మీద నాకు ఫిర్యాదు ఉంది. మొదటి రిపోర్టులో గుణకం ఊసే లేదు. అంకెలు దశాంశం తర్వాత రెండు స్థానాల దాకా వేశారు, యూనిట్ పీపీబీలో (వంద కోట్ల భాగాల గాలిలో ఎన్ని భాగాలు అన్న లెక్కలో) ఇచ్చారు. యూరప్ 2008 నిబంధనలు ఇలాంటి సూచనప్రాయమైన కొలతలకు 25 శాతం అనిశ్చితిని ఒప్పుకున్నాయి, శాశ్వత స్టేషన్లకు 15 శాతం. 25 శాతం అటూ ఇటూ ఊగే అంకెకు రెండు దశాంశాలు వేస్తే చదివేవాళ్లను తప్పుదారి పట్టించినట్టే. పీపీబీ కూడా గొడవే. పరిమితులన్నీ మైక్రోగ్రాముల్లో ఉంటాయి, 25 డిగ్రీల దగ్గర ఒక పీపీబీ నైట్రోజన్ డయాక్సైడ్ అంటే 1.88 మైక్రోగ్రాములు. పీపీబీ అంకెను చూసి "పరిమితిలోనే ఉన్నాం" అనుకునేవాళ్లు ఎంతమంది ఉంటారో అని నాకు నిజంగా టెన్షన్ వేసింది. మెయిల్ పెడితే మర్యాదగానే స్పందించారు. తర్వాతి రిపోర్టుల్లో సవరించక ముందు అంకె, సవరించిన అంకె, బ్లాంక్ విలువ అన్నీ విడివిడిగా మైక్రోగ్రాముల్లో ఇస్తున్నారు. అడిగితే గానీ ఇవ్వకపోవడం లోపమే, అడిగాక దిద్దుకోవడం మాత్రం మెచ్చుకోవాల్సిందే. రిపోర్టు చెప్పిన గడువు దాటి రావడం ఇంకా మారలేదు.

ఇంకొక జాగ్రత్త: మధ్యలో ల్యాబ్ మార్చకండి. ట్రైఎథనోలమైన్‌ను కొందరు నీళ్లలో, కొందరు అసిటోన్‌లో కలిపి పూస్తారు. రెండింటి ఫలితాలు ఒకేలా రావు. గుణకం కూడా ఆ తయారీకి తగ్గదే అయి ఉండాలి.

ఇప్పుడు ప్రహరీ వైపు. అక్కడ స్తంభానికి ట్యూబులు కడుతుంటే ఎదురింటి పెద్దాయన వచ్చి అడిగారు. "అమ్మా, రాత్రి రెండింటికి వచ్చే ఘాటు ఇందులో పడుతుందా?"

"పడుతుంది బాబాయ్, కానీ రెండింటికి పడిందో పగలు పడిందో ఇది చెప్పదు" అన్నాను.

"మరి మాకు కావలసింది అదే కదమ్మా" అన్నారాయన. ఇంత సూటిగా నేను కూడా చెప్పలేను.

గంధకం కలిసిన ఇంధనం కాల్చే చోట సల్ఫర్ డయాక్సైడ్ అనే ఘాటైన వాయువు ముఖ్యం. దానికీ ఇదే కంపెనీ వేరే ట్యూబులు ఇస్తుంది. కానీ ఆ వాయువు ఇబ్బంది పెట్టేది నిమిషాల్లో. ఆస్తమా ఉన్నవాళ్లకు కొద్ది నిమిషాలకే ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుంటాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 24 గంటలకు 40 మైక్రోగ్రాముల పరిమితితో పాటు 10 నిమిషాలకు 500 మైక్రోగ్రాములు అనే పరిమితినీ ఉంచింది. సరే, ఒక రాత్రి పది నిమిషాల పాటు సరిగ్గా ఆ 500 వచ్చిందనుకుందాం. నాలుగు వారాల్లో 40,320 నిమిషాలు. సగటుకు ఆ రాత్రి కలిపేది 0.12 మైక్రోగ్రాములు. రిపోర్టులో కనిపించనే కనిపించదు. ప్రతి రాత్రీ అలాగే జరిగినా నాలుగు వారాల సగటుకు కలిసేది మూడున్నర మైక్రోగ్రాములు. ఆ కాగితం పట్టుకుని వెళ్తే ఎవరైనా "మీ దగ్గర గాలి బాగానే ఉంది" అంటారు. నిద్రలో దగ్గుతో లేచినవాళ్ల మాట అబద్ధమైపోతుంది. ఇది ట్యూబు తప్పు కాదు, దాన్ని అక్కడ కట్టి సరిపెట్టుకునేవాళ్ల తప్పు. కంపెనీ తన కరపత్రంలో "నివాస, పారిశ్రామిక ప్రాంతాలు రెండింటికీ అనువైనది" అని రాయడం నాకు ఏమాత్రం నచ్చలేదు.

అందుకే అద్దెకు పెట్టె తెచ్చాం. షాపుల్లో దొరికే చేతి గ్యాస్ అలారంతో పని అయిపోతుందని కొందరన్నారు. అవి ఫ్యాక్టరీ లోపల ప్రాణాపాయం నుంచి కాపాడటానికి చేసినవి. చాలావాటిలో సల్ఫర్ డయాక్సైడ్‌కు కనిపించే అతి చిన్న అంకె 0.1 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.1 భాగం), అంటే దాదాపు 260 మైక్రోగ్రాములు. దానికి లోపు ఏమున్నా తెర మీద సున్నాయే. వీధి గాలికి పీపీబీ స్థాయిలో చూసే సెన్సర్ కావాలి.

మా పెట్టెలో సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ సెన్సర్లు ఉన్నాయి. నిమిషానికో అంకె రాసుకుంటుంది. గాలి దిశ చూపే చిన్న పరికరం కూడా తగిలించి ఇచ్చారు, అది లేకపోతే పెట్టె సగం గుడ్డిదే. గ్రాఫ్ తెరవగానే పెద్దాయన మాట నిజమని తేలింది. పగలంతా చదునుగా సాగిన గీత, గాలి ప్రహరీ వైపు నుంచి వీచిన రాత్రుల్లో నిటారుగా లేచింది. గాలి అటు తిరగని రాత్రుల్లో లేవలేదు. పొద్దెక్కాక ఒక్కోసారి ఇంకో చిన్న పోటు కనిపించేది. రాత్రి చల్లబడిన నేల మీద గాలి పొరలు కదలకుండా పేరుకుంటాయి. ఎత్తైన చిమ్నీ పొగ వాటి పైనే నిలిచిపోతుంది. ఎండకు నేల వేడెక్కి గాలి కలగలిసినప్పుడు అది ఒక్కసారిగా కిందికి దిగుతుంది. పిల్లలు స్కూలుకు బయల్దేరే వేళ అది. నెల సగటులో ఇదంతా మాయమైపోయేది.

పెట్టె లోపాలు తక్కువేం కావు. దాని నైట్రోజన్ డయాక్సైడ్ సెన్సర్ ఓజోన్‌కు కూడా స్పందిస్తుంది. ముందు వడపోత ఉన్నా కాలం గడిచేకొద్దీ అది పలచబడుతుంది. ఎండ ముదిరినప్పుడు, తేమ ఒక్కసారిగా మారినప్పుడు గీత దానంతటదే జరుగుతుంది. నెలలు గడిస్తే సున్నా కూడా సున్నా దగ్గర ఉండదు. కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటే నమ్మకంగా అనిపించింది. కాబట్టి పెట్టె చూపిన శిఖరం సరిగ్గా ఎంత ఎత్తు అని అడిగితే నేను ప్రమాణం చేసి చెప్పను. ఎప్పుడు లేచింది, గాలి ఎటు నుంచి వచ్చింది అంటే మాత్రం గట్టిగా చెప్తాను. వాడే ముందూ తర్వాతా రిఫరెన్స్ స్టేషన్ పక్కన కొన్నాళ్లు ఉంచి సరిచూసిన కాగితం ఇవ్వని చోట అద్దెకు తీసుకోవద్దు. మాకు ఇచ్చినవాళ్లు ముందుది ఇచ్చారు, తర్వాతది ఒత్తిడి చేస్తే గానీ ఇవ్వలేదు.

ఆ శిఖరం ఎత్తును ఎవరూ కాదనలేని విధంగా కొలవాలంటే అతినీలలోహిత కాంతితో పనిచేసే ఫ్లోరెసెన్స్ అనలైజర్ కావాలి. సల్ఫర్ డయాక్సైడ్ అణువులు ఆ కాంతిని పీల్చి తిరిగి వెలిగే వెలుగును అది కొలుస్తుంది. దానికి ఏసీ గది, కాలిబ్రేషన్ గ్యాస్, నేర్చిన మనిషి అవసరం. కాలనీ స్థాయి పని కాదది, గాలి నాణ్యత చూసే అధికారులదే. మా గ్రాఫులు, గాలి దిశ పట్టిక, వాసన వచ్చిన వేళలు ఇళ్లవాళ్లు రాసిన నోట్‌బుక్ జత చేసి, ఏ నెలలో ఏ వైపు పెట్టాలో రాస్తూ అలాంటి అనలైజర్ ఉన్న వ్యాన్ పంపమని అడిగాం.

కొనాలా అంటే: రోడ్ల మధ్య, ఇళ్ల మధ్య తేడా తెలియాలంటే ట్యూబులు తప్పకుండా కొనండి. చోటుకు మూడు, బ్లాంక్‌తో, గుణకం రాసిచ్చే ల్యాబ్ నుంచి, కనీసం చలికాలం, ఎండాకాలం రెండూ కలిసేలా. ఒక్క నెల అంకెను సంవత్సరపు పరిమితితో పోల్చకండి. ఫ్యాక్టరీ గోడ పక్కన ఉంటే ముందుగా ఒక నోట్‌బుక్ పెట్టి, వాసన వచ్చిన గంట, గాలి దిశ రాయడం మొదలుపెట్టండి. పెట్టె అద్దెకు తెచ్చేనాటికి ఏ వారంలో తేవాలో ఆ నోట్‌బుక్కే చెప్తుంది. మేము జంక్షన్ వైపు ట్యూబులు కొనసాగిస్తున్నాం. ప్రహరీ వైపు స్తంభాల మీద వాటిని తీసేశాం.